జోగిని ఆచారం: నిందించాల్సింది మతాన్నా, మనుషుల్నా?

కృష్ణాతీరం (ఆదివారం, ఉదయం 9:10)

మతం వల్ల సమాజానికి చెడు జరిగిందా అని అడగ్గానే ఎవరికివాళ్లు పక్కవాడి మతం చిట్టా విప్పుతారు, పదో పోస్టుకల్లా తిట్లు మొదలవుతాయి. అందుకే ఈసారి ఒక్క విషయమే పెడుతున్నా, అదీ మన నేల మీదిదే. జోగిని. ఐదారేళ్ల ఆడపిల్లకు ఎల్లమ్మ పేరునో పోచమ్మ పేరునో పట్టం కడతారు. దేవతకు ఇచ్చేశారు కాబట్టి ఆ పిల్లకు ఇక పెళ్లి లేదు. ఈడొచ్చాక ఊళ్లో పటేలో, పెద్ద ఆసామో ఉంచుకుంటాడు, వాడు వదిలేశాక ఊరి సొత్తు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జోగిని అంటారు, అనంతపురం, కర్నూలు వైపు బసివి, చిత్తూరు వైపు మాతమ్మ. పేరు ఏదైనా పిల్లలు మాత్రం దాదాపు అంతటా మాల మాదిగ ఇళ్ల పిల్లలే. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది.

నా మాట సూటిగా చెప్తా. ఇది మతం చేసిన పనే. ఇందులోంచి దేవతను తీసేస్తే మిగిలేది పసిపిల్లను పెద్దోళ్లకు అప్పజెప్పడం, దానికి ఏ తల్లీ ఒప్పుకోదు. దేవత పేరు చెప్పబట్టే ఒప్పుకుంది. కాదనేవాళ్లు కారణాలతో రండి.

అర్చకుడు_77 (9:48)

నమస్కారం. నేను గోదావరి జిల్లాలో శివాలయంలో అర్చకత్వం చేసుకునేవాణ్ని, కాబట్టి నేను ఏ వైపో ముందే తెలిసిపోయింది లెండి. ఊళ్లో పెద్ద ఆసామికి పిల్లను అప్పజెప్పమని ఏ శాస్త్రంలోనూ లేదు. ఆశ మనిషిది, పేరు అమ్మవారిది. గుడి ముందు చెప్పులు దొంగిలించినవాణ్ని పట్టుకుని దేవుడే దొంగ అంటామా? దురాచారాన్ని దురాచారం అనండి, నేను మీకంటే గట్టిగా అంటాను, కానీ మొత్తం మతం మీద వేయకండి.

ఎర్రచీమ (10:05)

పంతులుగారూ, చెప్పుల దొంగను గుళ్లోవాళ్లు మేళతాళాలతో పిలిచి చెప్పులు చేతిలో పెట్టరు కదా. ఇక్కడ ఊరంతా నిలబడి తంతు చేయించింది.

అయినా కృష్ణాతీరం అన్నా, నీతో కూడా నాకు పేచీ ఉంది. మతం మతం అంటావు, భూమి సంగతి ఎత్తవు. తెలంగాణలో దొరల కింద, పటేళ్ల కింద వెట్టి ఉన్న రోజుల్లో వెట్టివాడి ఇంట్లో మనిషి మీద కూడా దొరకే హక్కు. జోగిని దానికో పూజ తొడుగు, అంతే. భూమి లేనివాడు కాదనలేడు. దేవత ఉన్నా లేకపోయినా ఆ పిల్లకు అదే గతి పట్టేది.

కృష్ణాతీరం (10:20)

పేదరికమే కారణమైతే పేద రెడ్డి, పేద కమ్మ, పేద బ్రాహ్మణుడు తమ పిల్లకు ఎందుకు పట్టం కట్టలేదు? వాళ్లలోనూ తిండికి లేనివాళ్లు ఉన్నారుగా.

ఎర్రచీమ (10:23)

కులం కాబట్టి. కులం మతం కాదా అని అడుగుతావు, తెలుసు. అన్నం తిని వస్తా.

డల్లాస్_శ్రీను (10:41)

ఎప్పుడు చూసినా హిందూమతమే దొరుకుతుందా మీకు? ఇక్కడ అమెరికాలో చర్చి పాదర్లు చిన్నపిల్లల్ని పాడుచేసిన కేసులు 2002లో బోస్టన్‌లో బయటపడ్డాయి, కార్డినల్ రాజీనామా చేయాల్సి వచ్చింది. పాతబస్తీలో షేక్‌ల పెళ్లిళ్ల గురించి ఒక థ్రెడ్ పెట్టండి చూద్దాం.

చార్మినార్_చాయ్ (11:15)

శ్రీను భాయ్, పెట్టు, నేనే రాస్తా. పాతబస్తీలో పుట్టి పెరిగినవాణ్ని, దాచేదేముంది. గల్ఫ్ నుంచి అరవై దాటిన ముసలోడు వస్తాడు, బ్రోకర్ పిల్లల్ని చూపిస్తాడు, ఖాజీ నిఖా చదువుతాడు, వారం పదిరోజులకు తలాక్ కాగితం వదిలేసి విమానం ఎక్కుతాడు. 1991లో అమీనా అనే చిన్నపిల్ల విమానంలో ఏడుస్తుంటే ఎయిర్‌హోస్టెస్ గమనించి బయటపెట్టిన కేసు దేశమంతా తెలుసు. 2017లో హైదరాబాద్ పోలీసులు షేక్‌లతోపాటు ఖాజీలను కూడా అరెస్టు చేశారు.

మా ఆలిములు, అంటే మతపండితులు, చాలామంది ఇది హరాం అని చెప్పారు, నిజం. వారానికని ముందే మాట్లాడుకుని చేసే పెళ్లి సున్నీల్లో చెల్లదు. కానీ ఒక్కటి గమనించండి. ఆ ముసలోడు లాడ్జికి పోవచ్చు, పోలేదు. నిఖానే అడిగాడు. ఎందుకు? నిఖా అయితే పిల్ల తండ్రి ఇంటికెళ్లి పెళ్లి చేశానని చెప్పుకోగలడు, పక్కింటివాళ్లు నోరు మూసుకుంటారు. మతం ఆ పాపం చేయమని చెప్పలేదు, కానీ ఆ పాపానికి అవసరమైన ముద్ర మతం దగ్గరే దొరికింది. ముద్ర వేసిన చేయి కూడా మతం జీతం తినేదే. కాబట్టి నాకు సంబంధం లేదని నా మతం చేతులు దులుపుకుంటే నేను ఒప్పుకోను. మీ మతం సంగతి మీరు చూసుకోండి.

మోడరేటర్ (11:30)

మంచి పోస్టు. శ్రీను గారూ, బోస్టన్ గురించి వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ జోగిని గురించే. ఇద్దరు సభ్యుల పోస్టులు తీసేశాను, ఎందుకో వాళ్లకు తెలుసు.

పాలమూరు_టీచరమ్మ (మధ్యాహ్నం 2:02)

నేను కర్ణాటక సరిహద్దు దగ్గర ప్రభుత్వ బడిలో పనిచేస్తాను. మీరందరూ మతమా భూమా అని కొట్లాడుకుంటున్నారు కానీ పట్టం ఎలా మొదలవుతుందో ఒకసారి వినండి.

చాలాసార్లు జుట్టుతో మొదలవుతుంది. నూనె లేక, దువ్వెన పడక పిల్ల జుట్టు జడలు కడుతుంది. ముసలమ్మలు చూసి ఎల్లమ్మ పట్టింది, పిల్లను అడుగుతోంది అంటారు. లేకపోతే ఇంట్లో ఎవరికో జబ్బు, బర్రె చచ్చిపోవడం, వరసగా ఆడపిల్లలు పుట్టడం. మొక్కుకుంటారు. జడలు కత్తిరిస్తే రక్తం కక్కుకుని చస్తారని ఒక భయం పెట్టేశారు, ఆ భయం ఎంత గట్టిదంటే షాంపూ, కత్తెర పట్టుకుని వెళ్లిన మాలాంటివాళ్లని ఇంటి గడప కూడా తొక్కనివ్వరు. మా క్లాసులో ఒక పిల్ల అవ్వతో నేను మాట్లాడాను. ఆవిడకు పటేలు అంటే లెక్కలేదు, నోటికొచ్చినట్టు తిట్టింది. కానీ ఎల్లమ్మ మాట ఎత్తగానే చేతులు జోడించి ఏడ్చింది. పటేలుకు ఎదురు తిరగగలిగిన మనిషి ఎల్లమ్మకు తిరగలేకపోయింది. ఎర్రచీమ గారూ, మీ భూమి లెక్కలో ఇది ఎక్కడ పడుతుందో చెప్పండి.

అయితే భయం ఒక్కటే కూడా కాదు. కొడుకులు లేని ఇంట్లో కూతురికి పట్టం కట్టేస్తే ఆమె అత్తారింటికి పోదు, ముసలి తల్లిదండ్రులకు గంజి పోస్తుంది, బసివి అయితే కొడుకులాగే ఆస్తికి వారసురాలు కూడా. కట్నం ఖర్చు తప్పుతుంది. ఈ లెక్క ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మొక్కు అంటారు. ఆ మాట అన్నాక ఇంకెవరూ ప్రశ్న అడగరు, బయటనుంచి వచ్చిన మేము కూడా సగంమంది తగ్గిపోతాం, వాళ్ల నమ్మకం కదా అని.

నల్లకోటు (2:50)

టీచరమ్మ గారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి కొంత.

1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది, దాని వెనుక ముత్తులక్ష్మీరెడ్డి గారి ఏళ్లతరబడి పోరాటం ఉంది. అప్పటికి తెలంగాణ నిజాం పాలనలో ఉంది కాబట్టి ఆ చట్టం ఇటు వర్తించలేదు. 1988 చట్టం వచ్చాకగానీ రాష్ట్రం మొత్తానికీ ఒకే నిషేధం రాలేదు. ఈ చట్టంలో పట్టం కట్టే తంతు జరిపినా, పాల్గొన్నా, ప్రోత్సహించినా నేరమే. కానీ అందులో తల్లిదండ్రులకు, దగ్గరి బంధువులకు మిగతావాళ్లకంటే ఎక్కువ శిక్ష పెట్టారు, ఐదేళ్ల దాకా. ఇప్పుడు ఆలోచించండి, కేసు పెడితే ముందు ఎవరు లోపలికి పోతారు? కూలికి పోయే ఆ తల్లి. ఆరేళ్ల తర్వాత ఆ పిల్లను ఉంచుకున్నవాడు తంతులో ఎక్కడా లేడు, ఫోటోలో లేడు, సాక్ష్యంలో లేడు. వాడిమీద అత్యాచారం కేసు, పిల్ల మైనరైతే 2012 తర్వాత పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం, పెట్టాలి, దానికి ఫిర్యాదు ఎవరైనా చేయొచ్చు, కానీ ఊళ్లో ఆ ఇంటివాళ్లు కాక ఇంకెవరు చేస్తారు?

మతస్వేచ్ఛ అడ్డం వస్తుందేమో అని అడుగుతారు కొందరు. రాదు. 25వ అధికరణమే ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యాలకు లోబడి అని మొదలవుతుంది, సంఘసంస్కరణ కోసం చట్టాలు చేయొచ్చని అందులోనే ఉంది. 1954లో శిరూరు మఠం కేసు నుంచి కోర్టులు మతానికి ఏది అత్యవసరం, ఏది కాదు అని తేలుస్తూ వస్తున్నాయి. నల్లకోటు వేసుకున్నవాళ్లు శాస్త్రాలు తిరగేసి ఇది అసలు మతం కాదు అని తీర్పు చెప్పడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. మతమైనా సరే తప్పే అని ఒక్కమాట అంటే పోయేదానికి.

అర్చకుడు_77 (3:20)

చివరి మాట బాగా చెప్పారు. నేను మొదట అన్నదానికి కట్టుబడే ఉన్నాను, గుడి పూజావిధానం చెప్పే ఆగమాల్లో ఈ జోగిని పట్టం లేదు, ఇది గ్రామదేవతల దగ్గర పుట్టిన ఆచారం. దాన్నీ దీన్నీ కలపొద్దు.

జమిడిక_మోత (సాయంత్రం 5:37)

పొద్దున్నుంచి చదువుతున్నా, పంతులుగారి ఈ పోస్టు దగ్గర ఆగలేకపోయా.

మాది బైండ్లోళ్ల ఇల్లు. ఎల్లమ్మ కథ చెప్పేది, జమిడిక వాయించేది మేమే. పట్టం కట్టే తంతులో మా తాత చేయి ఉంది, దాచను. ఇప్పుడు నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నా.

గ్రామదేవత దగ్గర పుట్టిందట. అయ్యా, పెద్ద గుళ్లలో దేవదాసీలు లేరా? తంజావూరు పెద్ద గుడి గోడల మీద రాజరాజచోళుడు 400 మంది ఆడవాళ్లను తెచ్చి గుడిసేవలో పెట్టినట్టు శాసనమే చెక్కించుకున్నాడు. అక్కడ జరిగితే కళ, భరతనాట్యం, మాన్యం భూములు. మా వాడలో జరిగితే మూఢనమ్మకం. ఆ శాసనంలోని ఆడవాళ్లకు ఇళ్లు, జీతం రాసిచ్చారు, మా ఆడవాళ్లకు జాతరనాడు ఒక చీర, శవం ముందు ఆడితే నాలుగు రూపాయలు. తేడా అదీ.

కృష్ణాతీరం అన్నకూ చెప్తున్నా. మతాన్ని నిందించాలి అని నువ్వు అనగానే ఆ నింద ఎటు పారుతుందో చూడు. ఎల్లమ్మ మీదకు వస్తుంది, ఎల్లమ్మను మొక్కే మా అవ్వ మీదకు వస్తుంది, జమిడిక వాయించిన మా తాత మీదకు వస్తుంది. పిల్లను వాడుకున్నవాడు ఎల్లమ్మ భక్తుడు కాదు. వాడింట్లో వేరే పూజలు, వేరే పంతులు, వాడి కూతురు కాన్వెంటులో. వాడి మతం శుభ్రంగా ఉంది. లాయరుగారు చెప్పిన చట్టం కూడా అట్లాగే పారింది కదా, కిందికి.

సికింద్రాబాద్ బోనాల్లో జోగిని పచ్చికుండ మీద నిలబడి రంగం, అంటే భవిష్యవాణి, చెబుతుంటే మంత్రులు కూడా వచ్చి చేతులు కట్టుకుని వింటారు, టీవీలో లైవు. 2014లో బోనాలు రాష్ట్ర పండుగ అయింది, సంతోషమే. తెల్లారి ఊళ్లో ఉన్న జోగిని కొడుకు బడిలో చేరడానికి వెళ్తే తండ్రి పేరు ఏంటని అడిగి నవ్వుతారు.

కృష్ణాతీరం (6:10)

తమ్ముడూ, నీ మాటలో కోపం అర్థమైంది, చాలావరకు నిజం కూడా. కానీ ఎల్లమ్మను వదిలేసి పటేలును మాత్రమే పట్టుకుందాం అంటే టీచరమ్మ చెప్పిన ఆ అవ్వ సంగతేంటి? పటేలును తిట్టింది, అమ్మవారి మాటకు ఏడ్చింది. ఆవిడను కట్టేసింది పటేలు కాదుగా. ఆ భయం ఉన్నంతకాలం ఒక పటేలు పోతే ఇంకొకడు వస్తాడు. ఈమధ్య వాడుకునేవాళ్లలో పటేళ్లు కాదు, లారీ డ్రైవర్లూ కాంట్రాక్టర్లూ ఎక్కువని విన్నాను. దొర పోయాడు, పట్టం పోలేదు. కాబట్టి మతం తొడుగు అనే వాదన నిలబడదు.

ఎర్రచీమ (6:25)

తిరిగొచ్చా. దొర పోయాడు, భూమి మాత్రం రాలేదు కదా అన్నా.

కృపామణి (7:02)

మాది గుంటూరు వైపు. మా తాతలకాలంలో వాడ మొత్తం మిషన్‌లో చేరింది. జోగిని, మాతమ్మ లాంటివి మాకు తెలియవు, ఆ భయం మా ఇంట్లో లేదు. ఆ ఒక్క విషయంలో మతం మారడం పనిచేసిందనే చెప్తాను. కానీ కట్నం? మా వాళ్లలో ఫాదరు గారి ముందే బేరాలు. కులం? మా జిల్లాలోనే కులానికో చర్చి, చచ్చాక సమాధుల దగ్గరా వేరువేరు వరసలు. బైబిల్లో కులం ఎక్కడుంది, కట్నం ఎక్కడుంది? లేవు. అయినా వచ్చాయి. కాబట్టి పంతులుగారిలాగా మా పుస్తకంలో లేదు అని మేమూ చెప్పొచ్చు, ఎవరికీ ఉపయోగం లేదు.

డల్లాస్_శ్రీను (7:40)

సరే, ఒప్పుకున్నా, అందరిలోనూ ఉంది. కానీ బాగుచేసినవాళ్లు కూడా మతం ఉన్నవాళ్లేగా? వీరేశలింగం గారు నాస్తికుడా? 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించింది పరాశరస్మృతి వాదన పట్టుకునే కదా. మేజువాణీల మీద, అంటే పెద్దోళ్లు పెట్టించే భోగం ఆటల మీద, గొంతెత్తిందీ ఆయనే.

పాలమూరు_టీచరమ్మ (8:15)

ఆ వరసలో భాగ్యరెడ్డివర్మ గారిని కూడా చెప్పండి, ఆయన్ని అందరూ మర్చిపోతారు. 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టి దళితవాడల్లో జోగిని, తాగుడు, జంతుబలుల మీద ప్రచారం చేశారు. ఎలా చేశారనుకున్నారు? హరికథలతో, భజనలతో. దేవుడి కథ చెప్తూనే దేవుడి పేరున జరిగేదాన్ని వద్దన్నారు.

ఇంకోవైపు హేమలతా లవణం గారు. జాషువా గారి కూతురు, గోరా గారి కోడలు, అంటే నాస్తికకేంద్రం ఇల్లు. నిజామాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి జోగినులను కూడగట్టి, వాళ్ల పిల్లల కోసం వర్నిలో చెల్లి నిలయం నడిపించారు. దేవుడు లేడు అనే మాటతో ఆవిడ వెళ్లి ఉంటే ఏ జోగినీ తలుపు తీసేది కాదు, చెల్లీ అని పిలిచారు. ఒకరికి దేవుడున్నాడు, ఒకరికి లేడు, చేసిన పని ఒకటే. ఆ పనికి అడ్డుపడినవాళ్లు మాత్రం ఎప్పుడూ ఆచారం పేరే చెప్పారు. దాన్ని కాదనలేం శ్రీను గారూ.

జమిడిక_మోత (8:52)

టీచరమ్మా, భాగ్యరెడ్డివర్మ పేరు ఎత్తినందుకు థాంక్స్. ఆయన మా నడుమ పుట్టి మాకు చెప్పారు కాబట్టి చెల్లింది. అదే మాట పక్కవీధి పెద్దమనిషి చెబితే మా తాత వినేవాడు కాదు, వినకపోవడమే నయం కూడా.

కృష్ణాతీరం అన్నా, భయం గురించి నువ్వన్నది నిజమే, ఎల్లమ్మ పేరున భయపెట్టారు, భయపెట్టినవాళ్లలో మా ఇంటివాళ్లూ ఉన్నారు. అది మతం కాదు అని నేను ఎప్పుడూ అనను. నేననేది, ఆ మతంలో పిల్లను ఇచ్చిన భాగం ఒక్కటే నీకు కనబడుతోంది. పిల్లను తీసుకున్న భాగం కూడా మతమే. అంటరానిది కానీ పక్కలోకి పనికొస్తుంది అని ఆ ఆసామికి ఎవరు చెప్పారు? ముట్టుకుంటే మైల, రాత్రి మైల లేదు. ఆ లెక్క ఎల్లమ్మ గుళ్లో నేర్పరు. పంతులుగారిని అడుగు, ఏ గుళ్లో నేర్పుతారో.

అర్చకుడు_77 (9:30)

బాబూ, నువ్వు అడిగినదానికి ఆగమం చూపించి తప్పుకోలేను. మైల లెక్క మా ఇళ్లలోదే. గ్రామదేవతల ఆచారం అని పక్కకు తోసింది మాత్రం కావాలని తోసింది కాదు, చిన్నప్పటినుంచి అలాగే విన్నాం. అయినా భక్తి అంటే ఇదే అని తేల్చేస్తే నేను ఒప్పుకోను. మా గుడికి వచ్చే చాలామందికి అది ఓదార్పు, అది కూడా లెక్కలో వేయండి.

చార్మినార్_చాయ్ (9:44)

వేస్తాం పంతులుగారూ. ఖాజీ ముద్ర కూడా దాని పక్కనే వేస్తాం.

డల్లాస్_శ్రీను (10:20)

టీచరమ్మ గారూ, వాదన సంగతి పక్కన పెట్టండి. మీ బడిలో ఆ పిల్ల ఏమైంది? నేను, ఇక్కడ ఇంకో ఇద్దరు ముగ్గురం డబ్బు పంపగలం.

పాలమూరు_టీచరమ్మ (10:58)

జడలు కత్తిరించాం. అవ్వ ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది, చివరికి ఒప్పించింది నేను కాదు, పక్కూళ్లో చిన్నప్పుడు పట్టం కట్టించుకున్న ఒక పెద్దామె. ఆవిడ వచ్చి, నాకు ఏం మిగిలిందో చూడు అని తన ఇల్లు చూపించింది. ఇప్పుడు పిల్ల ఐదో తరగతి.

డబ్బు ఇంటికి పంపొద్దు, గొడవలవుతాయి. వచ్చే ఏడు కస్తూర్బా బాలికల బడిలో ఆరో తరగతి సీటు కావాలి, హాస్టల్లో ఉంటే జాతర రోజుల్లో ఊళ్లో ఉండదు. సీటు వస్తే సెలవుల్లో ఎక్కడ ఉంచాలన్నదే ఇబ్బంది, దానికి మనుషులు కావాలి. జాతర సీజన్‌లో ఎక్కడైనా పట్టం కడుతున్నారని తెలిస్తే ఎవరైనా సరే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, తంతు అయ్యాక చేస్తే లాయరుగారు చెప్పినట్టు తల్లి మీద కేసు తప్ప ఇంకేం ఒరగదు. పిల్ల పేరు, ఊరి పేరు ఇక్కడ అడగకండి. శ్రీను గారూ, ప్రైవేట్ మెసేజ్ పెట్టండి.